ఆర్.ఐ.పి.డి.లో జీలకర్ర ఉంది, తాలింపే పడలేదు

ప్రశ్న: జెఫ్ బ్రిడ్జెస్, రయాన్ రెనాల్డ్స్ ఉన్నారు. చచ్చిపోయిన పోలీసులు దెయ్యాల్ని పట్టుకోవడమనే పాయింటూ బాగుంది. మరి 'ఆర్.ఐ.పి.డి.' (2013) ఎందుకు పోయింది?

మనుషుల్లో దాక్కున్న గ్రహాంతరవాసుల్ని రహస్య ఏజెంట్లు పట్టుకునే 'మెన్ ఇన్ బ్లాక్'కి కాపీ కాబట్టి పోయిందంటారు అందరూ. కాపీ కొడితే సినిమా పోయేటట్టయితే మన దగ్గర సగం హిట్లు ఉండేవే కావు. నన్నడిగితే, చేతికొచ్చిన జోకుని వాడుకోవడం రాక పోయింది.

ఈ పోలీసులు బోస్టన్ వీధుల్లోకి దిగితే జనానికి వేరే మనుషుల్లా కనిపిస్తారు. నిక్ (రెనాల్డ్స్) ఓ చైనీస్ తాత. ఆ తాత నటుడు జేమ్స్ హాంగ్. పాతకాలపు మార్షల్ (అమెరికా పోలీసు అధికారి) రాయ్ (బ్రిడ్జెస్) ఏమో కళ్లు తిప్పుకోనివ్వని అందగత్తె, మరిసా మిల్లర్. నిక్ చేతిలో తుపాకీ జనం కళ్లకి అరటిపండు! ఇంతకంటే ఏం కావాలి? కానీ దర్శకుడు రాబర్ట్ ష్వెంట్కే సీనంతా హీరోల ముఖాల మీదే నడిపి, మధ్యలో ఒక్క క్షణం తాతని చూపించి మళ్లీ వెనక్కి వచ్చేస్తాడు. చేయాల్సింది దీనికి తలకిందులు. సీను జనం కళ్లతో నడవాలి, మాటలు మాత్రం హీరోలవి కావాలి. నిక్ తన భార్య జూలియా ముందుకెళ్తే ఆమెకి కనిపించేది ఎవరో ముసలాయన. నవ్వూ ఏడుపూ రెండూ అక్కడే ఉన్నాయి, రెండూ పిండుకోలేదు. 'యముడికి మొగుడు' (1988)లో ఆత్మ కాళిది, ఒళ్లు బాలుది, రెండూ చిరంజీవే. అయినా ఎవరు ఎవరిని ఎవరనుకుంటున్నారో నేల టికెట్ వాడికి కూడా తికమక లేదు.

ఇక జీలకర్ర. చచ్చి కూడా మనుషుల్లో కలిసిపోయి తిరిగే దెయ్యాల్ని, అంటే 'డెడో'లని, బయటపెట్టడానికి వీళ్లు ఇండియన్ భోజనం ముందు పెట్టి ప్రశ్నలేస్తారు. ఆ జీలకర్ర ఘాటు పడక డెడో మొహం ఉబ్బి, వంకరపోయి, అసలు రూపం బయటపడుతుంది. (ఈ లెక్కన మన వీధుల్లో చారు పోపు వేసే వేళకి ఒక్క డెడో కూడా మిగలడు.) బంగారంలాంటి రూలు. దీని మీద ఎన్ని ఎత్తులు వేయొచ్చు! విలన్ ముక్కు మూసుకుని తప్పించుకోవచ్చు, పెళ్లి భోజనాల మధ్య వేట పెట్టొచ్చు. క్లైమాక్స్‌కి జీలకర్ర ఊసే లేదు. దాని బదులు, డెడోలు పోగేసే బంగారు ముక్కలన్నీ అతికిస్తే చచ్చినవాళ్లు తిరిగి భూమ్మీదికి వచ్చే దారి తెరుచుకోవడం, ఆకాశంలో సుడి, కూలే భవనాలు. ఆ ఏడాది హాలీవుడ్‌లో ఎవడు చూసినా నగరాలు కూల్చేవాడే. పైగా రూపం మారిన డెడోలు రబ్బరు బొమ్మల్లా ఉంటారు, భయమూ వేయదు, నవ్వూ రాదు.

డబ్బు సంగతి చెప్పాలంటే, ఖర్చు దాదాపు 13 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపి వసూళ్లు 8 కోట్లకి లోపే. అందులో థియేటర్ల వాటా తీసేస్తే నిర్మాతకి మిగిలేది ఇంకా తక్కువ. 2013 జూలై 19న అమెరికాలో దీంతోపాటే దిగిన 'ది కంజూరింగ్' తీయడానికి అయింది సుమారు 2 కోట్లు, మొదటి వారాంతంలోనే వచ్చింది 4 కోట్ల పైన. దీనికొచ్చింది కోటీ పాతిక లక్షల చిల్లర. అదే రోజు వచ్చిన 'రెడ్ 2' కూడా దీన్ని దాటేసింది. మొదటి 'రెడ్' తీసింది ఎవరనుకున్నారు, ఈ ష్వెంట్కేనే!

చూసి తీరాలనుంటే 96 నిమిషాలే. జేమ్స్ హాంగ్ అరటిపండు గురిపెట్టే షాట్లు వచ్చినప్పుడు మాత్రం ఆపి చూడండి, లేకపోతే రెప్పపాటులో పోతాయి.