రాకెట్ ఆవిరి రైలు ఇంజిన్ మోడల్: డ్రాయింగు, మ్యూజియం ఫొటో కలవకపోవడానికి కారణం

రాకెట్ ఇంజిన్ మోడల్ చేస్తుంటే డ్రాయింగులో ఒకలా, మ్యూజియం ఫొటోలో మరోలా ఉందని, ఏది తప్పని అడిగారు. మీ డ్రాయింగు తప్పు కాదు, ఫొటో కూడా తప్పు కాదు. రెండూ ఒకే ఇంజిన్, వేర్వేరు కాలాలవి. డ్రాయింగులో సిలిండర్లు (ఆవిరి పిస్టన్‌ను తోసే గొట్టాలు) బాగా ఏటవాలుగా ఉన్నాయంటే అది 1829 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని రెయిన్‌హిల్‌లో జరిగిన రైలు ఇంజిన్ల పోటీ గెలిచిన రూపం. లివర్‌పూల్-మాంచెస్టర్ రైల్వేలో నడిచేటప్పుడు ఇంజిన్ విపరీతంగా ఊగడంతో తర్వాత సిలిండర్లను కిందికి దించి దాదాపు అడ్డంగా బిగించారు. మ్యూజియంలో మిగిలింది ఈ మార్చిన రూపమే.

1. ముందు ఏ రూపం చేస్తారో తేల్చుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: సిలిండర్ల కోణం సరిచేసి, ముందు భాగాన్ని అలాగే ఉంచేస్తారు. 1829 రూపానికి విడిగా స్మోక్‌బాక్స్ (బాయిలర్ ముందు పొగ చేరే పెట్టె) లేదు. పొగగొట్టం అడుగుభాగమే వంగి వచ్చి బాయిలర్ ముందు పలకకు అతుక్కుంటుంది. స్మోక్‌బాక్స్ తర్వాత చేర్చింది. మీరు ఫొటో చూసి చేసిన ముందు భాగం, డ్రాయింగు చూసి చేసిన సిలిండర్లు ఒకే మోడల్‌లో ఇమడవు.

3. ఫైర్‌బాక్స్ (నిప్పు మండే పెట్టె) కొలతలకు ఆ ఫొటో పనికిరాదు, అసలు ఇంజిన్‌కు అది మిగల్లేదు. 1979లో కట్టిన నకలు ఫొటోలు చూడండి, అది పోటీనాటి రూపమే.

4. పసుపు రంగు కూడా 1829 రూపానికే వేయండి.