రిక్రూట్‌మెంట్ ర్యాలీ పరుగుకు ఏ బూట్లు కొనాలి?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

అగ్నివీర్ ర్యాలీలకు, అంటే సైన్యంలో నాలుగేళ్ల సేవకు అభ్యర్థులను ఎంపికచేసే మైదాన పరీక్షలకు, సిద్ధమవుతున్న యువతీయువకుల నుంచి, వారి తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి చాలావరకు ఒకే సందేహం కనిపించింది. అందువల్ల ఈ సంచికలో పరుగు బూట్ల గురించిన ప్రశ్నలకే చోటిచ్చాం. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను అగ్నివీర్ ఆన్‌లైన్ పరీక్షలో ఉత్తీర్ణుడినై ర్యాలీ పిలుపు కోసం ఎదురుచూస్తున్నాను. ఇంతవరకు మా ఊరి హైస్కూలు మట్టి మైదానంలో ఒట్టి కాళ్లతోనే సాధన చేశాను. 1,600 మీటర్లకు 5 నిమిషాల 45 సెకన్లు పడుతోంది. లోపల కార్బన్ ప్లేటు ఉన్న ఖరీదైన బూట్లు వేసుకుంటే పదిహేను సెకన్లు కలిసివస్తాయని స్నేహితుడు చెబుతున్నాడు. నాన్న అప్పు చేసైనా కొనిస్తానంటున్నారు. కొనమంటారా? (శ్రీకాకుళం జిల్లా పాఠకుడు)

జవాబు: అప్పు చేయనివ్వకండి. ఆ పదిహేను సెకన్ల మాట ఎంతవరకు నిజమో ముందుగా లెక్క వేసి చూద్దాం.

ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేసినవారికి 60 మార్కులు, 5 నిమిషాల 31 సెకన్ల నుంచి 5 నిమిషాల 45 సెకన్లలోపు ముగించినవారికి 48 మార్కులు ఇస్తున్నారు. ఇటీవలి నియామకాల్లో ఇంతకన్నా తక్కువ మార్కులతో 6 నిమిషాల 15 సెకన్ల వరకు గడువు పెంచారు. ఒక్క సెకను తేడాతో పన్నెండు మార్కులు పోయే పరీక్ష కాబట్టి మీ స్నేహితుడి ఆరాటాన్ని అర్థం చేసుకోవచ్చు. అయితే బూటు బరువు వల్ల కలిగే తేడాను శాస్త్రజ్ఞులు కొలిచే ఉన్నారు. ఒక్కో బూటుకు 100 గ్రాముల బరువు పెరిగితే పరుగుకు ఖర్చయ్యే శక్తి సుమారు ఒక శాతం పెరుగుతుంది, పరుగు సమయం కూడా దాదాపు ఆ మేరకే, అంటే మీ దూరానికి రెండున్నర నుంచి మూడు సెకన్ల వరకు పెరుగుతుంది. బరువైన బూట్లు వదిలి తేలికైనవి వేసుకున్నవారికి దక్కేది ఇంతే. మీరేమో ఒట్టి కాళ్లతో పరుగెడుతున్నారు, తగ్గించుకోవడానికి మీ కాళ్లకు బరువన్నదే లేదు.

ఇక కార్బన్ ప్లేటు బూట్ల సంగతి. అవి ముఖ్యంగా తారురోడ్డు మీద మారథాన్ వంటి సుదీర్ఘ పరుగుల కోసం రూపొందినవి. వాటిలో పాదం కింద మెత్తటి ఫోమ్ మూడు, నాలుగు సెంటీమీటర్ల మందాన ఉంటుంది. చదునైన రోడ్డు మీద అది మేలు చేస్తుంది గాని, గుంతలూ గులకరాళ్లూ ఉన్న మట్టి ట్రాక్‌పై, చుట్టూ పదుల సంఖ్యలో అభ్యర్థులు తోసుకుంటూ పరుగెత్తే చోట, మలుపులో చీలమండ మడతపడే ప్రమాదాన్ని పెంచుతుంది. పైగా అటువంటి ఫోమ్ త్వరగా అరిగిపోతుంది. రోజువారీ సాధనకు ఆ ఖర్చు దండగ.

అలాగని మీకు బూట్లు అక్కర్లేదని చెప్పడం లేదు. మీరు కొనవలసినవి వేగం కోసం కాదు, పాదానికి రక్షణ కోసం, సాధన ఆగకుండా సాగడం కోసం. ర్యాలీలో అభ్యర్థులను గుంపులుగా పరుగెత్తిస్తారు. మొదటి వంద మీటర్లలో వెనుకవారి బూటు మీ మడమ మీద పడితే, లేదా పక్కవారి అడుగు మీ వేళ్లను నలిపితే, ఒట్టి కాళ్లతో ఉన్నవారి పరుగు అక్కడితో ముగిసినట్టే. మీ ఊరి మెత్తటి నేలకు అలవాటుపడిన అరికాలు గట్టి నేలను, కంకర తేలిన ట్రాక్‌ను ఎలా తట్టుకుంటుందో ఆ రోజు తెలుసుకోవడం మంచిది కాదు.

మీవంటివారికి ఒక్కొక్కటి 200 నుంచి 250 గ్రాముల మధ్య బరువుండి, మడమ భాగం ముందు భాగం కన్నా 4 నుంచి 8 మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తుగా ఉండే సాధారణ పరుగు బూట్లు సరిపోతాయి. మామూలు బూట్లలో ఈ తేడా 8 నుంచి 12 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఒట్టి కాళ్లతో పరుగెత్తేవారు సహజంగా పాదం ముందు భాగం మీద దిగుతారు కాబట్టి, మడమ బాగా ఎత్తుగా ఉన్న బూటు వారి అడుగు తీరునే మార్చేస్తుంది. సోల్ అడుగున రబ్బరు గాట్లు కొంచెం లోతుగా ఉంటే మట్టి మీద పట్టు దొరుకుతుంది. బొటనవేలు దగ్గర బూటు సులువుగా వంగాలి, బూటు మధ్యభాగంలో మెలిపెడితే మాత్రం గుడ్డలా తిరగకూడదు. సెగా, నివియా వంటి దేశీయ కంపెనీలవీ, డెకథ్లాన్‌లో దొరికే తక్కువ ధర రకాలూ ముందుగా వేసి చూడండి. ఏ కంపెనీ అన్నది రెండో ప్రశ్న, మీ పాదానికి నప్పిందా లేదా అన్నదే మొదటిది.

కొత్త బూట్లను మొదటి వారం రోజు విడిచి రోజు, తేలికపాటి పరుగుకే వాడండి. పిక్కల్లో, మడమ వెనుక నరంలో బిగుతు లేకపోతే క్రమంగా వేగపు సాధనకు తీసుకెళ్లండి. ర్యాలీకి కనీసం ఐదారు వారాల ముందే ఈ మార్పు పూర్తికావాలి. ఫుట్‌బాల్ బూట్లు వేసుకోమని సలహా ఇచ్చేవారు కూడా ఉంటారు. గట్టి నేలపై వాటి మొనలు అరికాలికి గుచ్చుకున్నట్టే ఉంటాయి, వాటి జోలికి పోకండి. మేకులున్న స్పైక్ బూట్లు గుంపులో పక్కవారికి గాయం చేస్తాయి. వాటిపై ఆధారపడి సాధన చేయడం తెలివైన పని కాదు, ర్యాలీ అడ్మిట్ కార్డులోని సూచనలను కూడా తప్పక చదవండి.

మీకు కావలసిన పదిహేను సెకన్లలో కొన్ని బూట్లలో కాక మరోచోట ఉన్నాయి. 400 మీటర్ల ట్రాక్‌పై అన్నిటికన్నా లోపలిదైన మొదటి వరుసకు బదులు రెండో వరుసలో నాలుగు చుట్లూ తిరిగినవారు సుమారు 30 మీటర్లు అదనంగా పరుగెత్తుతారు. మీ వేగానికి అది ఆరు సెకన్లకు పైమాటే. అంటే బూటు బరువులో 100 గ్రాముల తేడాకు రెట్టింపు. ఎదుటివారిని దాటడానికి మలుపులో బయటికి పోకుండా, తిన్నని దారి వచ్చేదాకా ఓపికపట్టడం నేర్చుకోండి. మిగిలినది ఒక్కో చుట్టును 82 సెకన్లలో పూర్తిచేసే సాధన మీద ఆధారపడి ఉంటుంది. ఆ సాధన గురించి మరో సంచికలో వివరంగా రాస్తాం.

ప్రశ్న: నేను సైన్యంలో హవల్దారుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. మా రోజుల్లో గోధుమరంగు కాన్వాస్ పీటీ షూలతోనే అన్ని పరుగులూ పూర్తిచేశాం. ఇప్పుడు మా అబ్బాయి పాదాలు చదునుగా ఉన్నాయనీ, లోపలి వైపు గట్టి ఆధారం ఉన్న ప్రత్యేకమైన బూట్లు లేకపోతే మోకాళ్లు పాడవుతాయనీ దుకాణంలో చెప్పారు. ఇది నిజమేనా? (తాడేపల్లిగూడెం ప్రాంతపు పాఠకుడు)

జవాబు: ఎందరో సైన్యంలో చేరడం వల్ల ఆ పేరు వచ్చిన మిలిటరీ మాధవరం ఊరున్న ప్రాంతం నుంచి ఇటువంటి ఉత్తరం రావడం మాకు ఆశ్చర్యం కలిగించలేదు.

పాదం ఆకారాన్ని బట్టి బూటును ఎంచాలన్న సలహా ఎన్నో ఏళ్లుగా దుకాణాల్లో వినిపిస్తోంది. తడి పాదం ముద్ర చూసి, చదును పాదాలకు ఒక రకం, ఎత్తు వంపు పాదాలకు మరో రకం అని నిర్ణయిస్తారు. ఈ పద్ధతిని అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ దళం తమ ప్రాథమిక శిక్షణలో ఉన్న కొత్తవారి మీదే పరీక్షించి చూశాయి. కొందరికి పాదం ఆకారాన్ని బట్టి బూట్లు ఇచ్చారు, మిగిలినవారందరికీ పాదంతో నిమిత్తం లేకుండా ఒకే రకం ఇచ్చారు. శిక్షణ ముగిసేసరికి రెండు వర్గాల గాయాల్లో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. వేసుకుని పరుగెత్తినప్పుడు హాయిగా ఉన్న బూటే సరైన బూటు అన్న అభిప్రాయం ఆ తర్వాత పరిశోధకుల్లో బలపడింది. మా అభిప్రాయమూ అదే. మీ అబ్బాయికి ఇప్పుడు నొప్పులేమీ లేకపోతే, ప్రత్యేకమైన బూట్ల పేరుతో అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

అయితే మీరు అడగని, అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. సైనిక వైద్య పరీక్షలో చదును పాదాలను ప్రత్యేకంగా చూస్తారని మీకు తెలిసే ఉంటుంది. అబ్బాయిని మునివేళ్ల మీద నిలబడమని, వెనుక నుంచి చూడండి. అప్పుడు అరికాలి లోపలి వైపు వంపు స్పష్టంగా ఏర్పడితే అది సాగే గుణమున్న పాదం. వంపు ఏమాత్రం రాకపోతే, లేదా నొప్పి ఉంటే, ఎముకల వైద్యునికి ఇప్పుడే చూపించండి. బూటుగాని లోపల పెట్టే మెత్త గాని వైద్య పరీక్ష ఫలితాన్ని మార్చలేవు, ఆ పరీక్ష ఒట్టి పాదానికే జరుగుతుంది. వంపు తెప్పిస్తామని ప్రకటించే పరికరాలకు డబ్బు తగలేయకండి.

కాన్వాస్ షూల గురించి ఒక్క మాట. మీ తరం వాటితో పరుగెత్తిన మాట వాస్తవమే. ఆ వయసుకు పొలం పనులతో, నడకతో పాదాలు గట్టిపడి ఉన్నవారికి అవి సరిపోయాయి. ఇంటర్ వరకు బల్ల మీద కూర్చుని చదివిన పిల్లవాడిని నేరుగా పలుచటి సోల్ మీదకు దించితే ముందుగా దెబ్బతినేది అతని ముంగాలి ఎముకే.

ప్రశ్న: నేను మహిళా మిలిటరీ పోలీసు విభాగానికి దరఖాస్తు చేశాను. మా పట్టణంలోని దుకాణాల్లో ఆడవాళ్ల పరుగు బూట్లు నా సైజులో దొరకడం లేదు. మగవాళ్ల బూట్లు కొంటే ఇబ్బందా? లాంగ్ జంప్, హైజంప్ కూడా వాటితోనే చేయవచ్చా? (నల్గొండ జిల్లా పాఠకురాలు)

జవాబు: కొనవచ్చు, కానీ నంబరును నమ్మి కొనవద్దు. ఒకే నంబరు కంపెనీని బట్టి మారుతుంది, పైగా భారతీయ నంబర్లు బ్రిటిష్ పద్ధతిని అనుసరిస్తే కొన్ని పెట్టెల మీద అమెరికన్ నంబరు పెద్దదిగా కనిపిస్తుంది. గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడి, అన్నిటికన్నా పొడుగైన వేలి వరకు సెంటీమీటర్లలో కొలవండి. రెండు పాదాల్లో పెద్దదాని కొలతనే తీసుకోండి. పెట్టెపై సెంటీమీటర్ల కొలత కూడా ముద్రించి ఉంటుంది. సాయంత్రం వేళ, సాధనకు వాడే మేజోళ్లతోనే వేసి చూడండి, ఎందుకంటే పగలంతా నిలబడిన పాదం కొంత ఉబ్బుతుంది. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ మిగలాలి.

మగవాళ్ల బూట్లలో ఆడవాళ్లకు తరచుగా వచ్చే ఇబ్బంది మడమ దగ్గరే. స్త్రీల పాదం ముందు భాగంతో పోలిస్తే మడమ సన్నగా ఉంటుంది కాబట్టి బూటు వెనుక జారి బొబ్బలు వస్తాయి. లేసుల రంధ్రాల్లో అన్నిటికన్నా పైన, చీలమండ పక్కన, చాలామంది వాడకుండా వదిలేసే రంధ్రం ఒకటి ఉంటుంది. లేసును అదే వైపు ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చు మిగల్చండి, రెండో వైపు కొసను ఆ ఉచ్చులోంచి లాగి ముడివేయండి. మడమ కదలకుండా పట్టుకుంటుంది. అప్పటికీ జారుతుంటే ఆ జత మీది కాదు, తిరిగి ఇచ్చేయండి.

మీ విభాగంలో 1.6 కిలోమీటర్లను 7 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే మొదటి వర్గం, 8 నిమిషాల్లో ముగిస్తే రెండో వర్గం. దీనితో పాటు 10 అడుగుల లాంగ్ జంప్, 3 అడుగుల హైజంప్ అర్హత కోసం పూర్తిచేయాలి. వీటన్నిటికీ ఒకే జత చాలు. కాకపోతే మడమ కింద మరీ మెత్తగా ఉండే బూటుతో ఎగిరేటప్పుడు నేలను తన్నే బలం కొంత ఫోమ్‌లోనే పోతుంది. దుకాణంలో నిలబడినప్పుడు దూదిలా అనిపించే జత కన్నా కాస్త గట్టిగా అనిపించే జతనే తీసుకోండి.

ప్రశ్న: కొత్త బూట్లు కొన్న నెలకే మోకాలి కింద ముందు ఎముక నొప్పి పుడుతోంది. బూట్ల లోపమేనా? ఒక జత ఎన్నాళ్లు వాడవచ్చు? (కర్నూలు పాఠకుడు)

జవాబు: బూటు కన్నా సాధనను ఒక్కసారిగా పెంచడమే ఎక్కువ సందర్భాల్లో కారణమవుతుంది. గత నెలలో వారానికి ఎన్ని కిలోమీటర్లు పెంచారో లెక్క చూసుకోండి, కొన్నాళ్లు దూరం సగానికి తగ్గించి మెత్తటి నేలపై పరుగెత్తండి. నొప్పి ఎముక పొడవునా పరుచుకుని ఉంటే విశ్రాంతితో తగ్గే అవకాశం ఎక్కువ. ఒకే చోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా ఎముకలో సన్నటి పగులు ఉండవచ్చు. అప్పుడు పరుగు పూర్తిగా ఆపి వైద్యుని దగ్గరికి వెళ్లాలి. ర్యాలీ దగ్గరపడిందని నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తితే ఆ పగులు పెరిగి ఎముకే విరిగే ప్రమాదం ఉంది.

మంచి జత సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు పనిచేస్తుంది. వారానికి 30 కిలోమీటర్లు పరుగెత్తేవారికి అది నాలుగు నుంచి ఆరు నెలలు. పైన గుడ్డ కొత్తగానే ఉన్నా, సోల్ పక్కన ఫోమ్‌లో ముడతలు స్థిరపడి, నొక్కితే తిరిగి పొంగకపోతే దాని పని అయిపోయినట్టే. తడిసిన బూట్లను ఎండలోగాని పొయ్యి దగ్గరగాని పెట్టకండి, లోపల పాత దినపత్రికలు కుక్కి నీడలో ఆరనివ్వండి. ర్యాలీలో పరుగు తరచుగా తెల్లవారకముందే మొదలవుతుంది, దూరం నుంచి వచ్చినవారు రాత్రంతా మైదానం బయటే గడుపుతారు. మంచుకో వానకో మేజోళ్లు తడిసే వీలుంది కాబట్టి మరో జతను ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెంట తీసుకెళ్లండి, అవి కూడా ముందే ఒకటి రెండుసార్లు ఉతికి వాడినవై ఉండాలి.