మూసలూ విల్లోలూ: మేయడమా, దూయడమా?

సందేహం: ఉత్తర దేశాల మంచు అడవుల గురించి పిల్లల కోసం ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అందులో నేను రాసిన వాక్యం ఇది: "మూసల బ్రౌజింగ్ మరియు నేలలోని పోషక విలువలు విల్లో పొదలను ప్రభావితం చేస్తాయి." చదివినవాళ్లు అర్థం కాలేదంటున్నారు. బ్రౌజింగ్ తీసేసి 'మేయడం' అని రాద్దామంటే, మేయడం గడ్డికే చెల్లుతుందని ఒక పెద్దాయన ఆక్షేపించారు. ఏం రాయమంటారు?

సమాధానం: మీ వాక్యం చదివి ముందు నవ్వుకున్నాను, క్షమించాలి. తప్పు మీది కాదు, ఆ రెండు పేర్లది: మూస్ అనే పెద్ద జింక, అది తినే విల్లో అనే పొద. మూస అంటే మనకు అచ్చు. 'మూసలో పోసినట్టున్నారు' అంటాం. విల్లో అన్నది విల్లు పక్కన సందేహార్థకమైన ఓకారం చేరిన రూపం: విల్లో, బాణమో! ఈ రెండింటి మధ్య ఫోనులో చేసే బ్రౌజింగ్‌ను కూడా ఇరికిస్తే పాఠకుడు అడవికి పోడు, ఏ కమ్మరి కొలిమికో చేరతాడు.

పేర్ల సంగతి ముందు తేల్చుకుందాం. హల్లుతో ముగిసే పరాయి మాటకు తెలుగు ఒక ఉకారం తగిలించుకుంటుంది: బస్సు, ఫోను. ఆ లెక్కన ఇది 'మూసు' కావాలి. అదేమో తలుపు మూసే క్రియలా వినిపిస్తుంది. అందుకే 'మూస్ జింక' అనండి. బహువచనం, విభక్తి బరువంతా జింక మోస్తుంది. కొందరు 'దుప్పి' అని రాస్తున్నారు. దుప్పి అంటే మనకు ఒంటినిండా చుక్కలుండే జింక. అలాస్కాలో బాగా ఎదిగిన మగ మూస్ 600 కిలోలు దాటవచ్చు, భుజం దగ్గరే మనిషి ఎత్తు ఉంటుంది. దాన్ని దుప్పి అంటే పిల్లవాడి మనసులో తప్పు బొమ్మ పడుతుంది. విల్లో పక్కనా అలాగే 'పొద' చేర్చండి. విల్లో జాతిలో తెలుగు పేరున్న చెట్టు ఒకటుంది, ఏటిపాల. అయితే మీ వ్యాసంలోని మంచు దేశపు పొదలు వేరు, ఆ పేరు వాటికి పెట్టకండి. 'వేతసం' అసలే వద్దు. నిఘంటువుల్లో అది ప్రబ్బలి, బుట్టలల్లే బెత్తపు తీగ.

ఇక అసలు ప్రశ్న. మేయడం గడ్డికే చెల్లుతుందన్న మాట నిలవదు. 'కంచే చేను మేస్తే' అంటాం, మేకలు ఆకు మేస్తాయి అంటాం. ఇంగ్లీషు గడ్డి తినడానికి ఒక క్రియ, ఆకూ రెమ్మా తినడానికి ఇంకో క్రియ పెట్టుకుంది. మీ బ్రౌజింగ్ ఈ రెండోదే. మనం ఒకే క్రియకు ముందు కర్మను మార్చుకుంటాం: గడ్డి మేయడం, ఆకు మేయడం. కాబట్టి మీ పెద్దాయనకు నమస్కారం చెప్పి 'మేయడం' వాడుకోవచ్చు.

కానీ వాడుకోవద్దనే నా సలహా. తప్పని కాదు, తక్కువని. మూస్ జింక ఏడాది పొడుగునా ఒకే తీరున తినదు. వేసవిలో విల్లో రెమ్మను నోట పట్టి, తల పక్కకు లాగి, ఆకులన్నీ ఒక్క ఊపున నోట్లోకి రాల్చుకుంటుంది. రెమ్మ అక్కడే ఉంటుంది, ఆకులు పోతాయి. దీనికి తెలుగులో దివ్యమైన క్రియ ఉంది: దూయడం. మునగాకు దూస్తాం, కత్తి దూస్తాం. శీతాకాలంలో దూయడానికి ఆకే ఉండదు. అప్పుడు ఆ ఏడు ఎదిగిన రెమ్మలనే తెంపి తింటుంది. అందువల్ల చలికాలపు సన్నివేశంలో 'ఆకు మేసింది' అని రాస్తే భాష సరే, సంగతి అబద్ధం.

తెంపడం అని ఎందుకన్నానంటే, రెమ్మ చివర చూడండి. ఆవు, మేకల్లాగే ఈ జింకకూ పై దవడకు ముందు పళ్లు లేవు. కింది పళ్లను పైనున్న గట్టి చిగురుకు అదిమి లాగుతుంది. (పంటి చిగుళ్లతో చెట్టు చిగుళ్లు తింటుందన్నమాట. ఈ శ్లేష తెలుగులోనే కుదురుతుంది.) అందుకే తెగిన చోట పీచులు వేలాడుతూ చిరిగినట్టు ఉంటుంది. అదే పొదను కుందేలు తింటే చాకుతో ఏటవాలుగా కోసినంత నున్నగా ఉంటుంది. కుందేలు కొరికింది, జింక తెంపింది: అడవి చూసినవాళ్లు పుల్ల చివర చూసి చెప్పే తేడాను మన రెండు క్రియలు సిద్ధంగా పట్టుకున్నాయి.

ఇంకో ముచ్చట. మూస్ అనే పేరు ఉత్తర అమెరికా తూర్పు తీరపు ఆల్గాంకియన్ భాషల నుంచి 1610ల్లో ఇంగ్లీషులోకి వచ్చింది. దానికి 'ఒలిచి తినేది' అని అర్థమని తొలినాటి రాతలు చెప్పాయి, బెరడు ఒలుచుకు తినే అలవాటును బట్టి. ఆ జనం కూడా జంతువు తినే తీరునే చూశారు.

'మూసల మేత' అని కుదించవద్దని కూడా చెప్పాలి. మేత అంటే తినే పనీ అవుతుంది, తినే వస్తువూ అవుతుంది. 'మూస్ జింకల మేత పెరిగింది' అంటే అవి ఎక్కువ తింటున్నాయా, వాటికి ఆహారం ఎక్కువ దొరుకుతోందా? రెండూ పూర్తిగా ఎదురు సంగతులు.

'పోషక విలువలు' తిండికి చెప్పే మాట. నేలకు 'పోషకాలు' చాలు: నత్రజని, భాస్వరం, పొటాష్. మొత్తంగా చెప్పాలంటే భూసారం. ఫలానా పోషకం కొలిచి చెప్పే చోట భూసారం అనకండి, అంతే.

ఎక్కువ చిక్కు 'ప్రభావితం చేస్తాయి' దగ్గరే. ఏం చేస్తాయో చెప్పకుండా తప్పించుకునే క్రియ ఇది. పొదకు జరిగేది చూడండి. జింక రెమ్మలు తెంపాక మొగ్గలు తగ్గుతాయి, వేళ్లు మాత్రం పాతవే. వేళ్లు పంపేదంతా మిగిలిన కొద్ది మొగ్గలకే దక్కడంతో మరుసటి వేసవిలో రెమ్మలు తక్కువగా, కానీ లావుగా, పొడుగ్గా వస్తాయి. ఆ లావు రెమ్మలంటే జింకకు మరీ ఇష్టం, మళ్లీ అక్కడికే వస్తుంది. ఏటేటా ఇలా తెగితే పొద ఎత్తు ఎదగక చీపురులా గుబురు కడుతుంది. నేలలో నత్రజని చాలినంత ఉంటే తెగిన పొద తేరుకుంటుంది. చాలకపోతే గిడసబారుతుంది. సాధారణంగా సారం లేని నేలలో ఎదిగే మొక్క ఆకుల్లో వగరు కూడా పెంచుకుంటుంది. పోయిన ఆకును మళ్లీ తెచ్చుకోవడం దానికి కష్టం మరి, ఉన్నదాన్ని కాపాడుకుంటుంది. (వగరు, చేదు అని విడివిడిగా చెప్పగలగడం ఇక్కడ మీకు అక్కరకొస్తుంది. ఆకుల్లోని టానిన్లనే పదార్థాలది వగరు, విల్లో బెరడులోని సాలిసిన్ అనే పదార్థానిది చేదు.)

పైగా జింక నేలనూ మారుస్తుంది, అదీ ఒకే దిక్కున కాదు. అలాస్కాలో టనానా నది ఒండ్రు మీద ముందు విల్లో పొదలు లేస్తాయి. జింకలు, కుందేళ్లు వాటిని తినేకొద్దీ ఆల్డర్ పొదలకు చోటు దొరుకుతుంది. ఆల్డర్ వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేరుస్తాయి. అమెరికాలోనే సుపీరియర్ సరస్సులోని ఐల్ రాయల్ దీవిలో కథ తిరగబడింది. అక్కడ జింకలు ఆకురాల్చే చెట్లను తిని, సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్టును ముట్టకుండా వదిలేస్తాయి. రాలిన స్ప్రూస్ ఆకు తొందరగా కుళ్లదు. జింకలు దూరకుండా వేసిన పాత కంచెల లోపలి నేలతో పోల్చితే, బయటి నేలలో మొక్కకు అందే నత్రజని తక్కువని 1993లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఒకచోట నేల బలిసింది, ఒకచోట చిక్కింది. 'ప్రభావితం' అన్న ఒక్క మాటకు రెండూ ఒకటే.

'మరియు' తెలుగు తీరు కాదని వేరే చెప్పక్కర్లేదు, కానీ ఇక్కడ అది చేసిన నష్టం భాషకే కాదు. జింకనూ నేలనూ పక్కపక్కన నిలబెట్టి, రెండూ విడివిడిగా పొద మీద పడుతున్నట్టు చూపింది. ఒకదాని ఫలితం ఇంకోదాని మీద ఆధారపడుతుందన్నది కదా మీ వ్యాసం చెప్పేది! దానికి మనకు 'బట్టి' ఉంది. ఇలా రాసి చూడండి: "మూస్ జింకలు తెంపుకుతిన్న విల్లో పొద మళ్లీ ఎంత ఎదుగుతుందన్నది ఆ నేలలో ఉన్న పోషకాలను బట్టి ఉంటుంది." కాస్త పొడుగైంది, అయినా పిల్లలకు అర్థమవుతుంది.

మీ మూలవ్యాసంలో ఎక్కడైనా 'ఎల్క్' కనిపిస్తే మాత్రం ఒక్క క్షణం ఆగండి. ఐరోపా గురించి రాసినదైతే అది ఇదే మూస్ జింక. అమెరికా గురించి రాసినదైతే అది వాపిటీ అనే మరో జింక.