మా అబ్బాయి మీదే కేసవుతుందా?

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. మొన్న వాడి బ్యాగులో పెన్‌డ్రైవ్ లాంటిది దొరికింది, మామిడిపండు వాసన. “వేప్ అమ్మా, సిగరెట్ కాదులే” అన్నాడు. కాలేజీ పక్క బడ్డీలో కొన్నాడట. ఆ రాత్రే వాళ్ల నాన్న బ్యాంకు మెసేజ్‌లు చూస్తే, వందా రెండొందలుగా పద్నాలుగు వేలు క్రికెట్ బెట్టింగ్‌కి పోయాయి. పోలీసులకు చెబితే వీడి మీదే కేసవుతుందని మావారి టెన్షన్. ఏం చేయాలి?
- ఓ తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ఈ భయంతోనే ఎందరో తల్లిదండ్రులు నోరు మెదపరు. అమ్మేవాడికి కావలసిందీ అదే. మన రాష్ట్రం 2020లో 1974 నాటి జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. అందులో ఆడినవాళ్లకూ శిక్ష ఉన్న మాట నిజమే. కానీ మీవాడు మైనరు. జైల్లో పెట్టరు, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టమైతే ఆడినవాడి జోలికే పోదు. ఆడించినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా.

ఇక వేప్, అంటే ఈ-సిగరెట్. 2019 చట్టం ప్రకారం దాన్ని ఏ వయసువాళ్లకూ అమ్మకూడదు. తొలిసారి దొరికితేనే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

మామూలు సిగరెట్ దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. విద్యాసంస్థకు 100 గజాల లోపు అమ్మకూడదు. మా ఎంవీపీ కాలనీలో ఒక స్కూలు గేటు నుంచి కిళ్లీ బడ్డీ దాకా నేనే లెక్కపెట్టుకుంటూ నడిచాను. నలభై రెండు అడుగులు! ‘18 ఏళ్లలోపు వారికి అమ్మబడవు’ అనే బోర్డు ఉంది, దాన్ని కప్పేస్తూ చిప్స్ ప్యాకెట్ల దండ. ఈ తప్పుకు 2003 చట్టంలో జరిమానా 200 రూపాయలు. వాడికి అది ఒక్క గంట బేరం. పక్కనున్న కర్ణాటక సవరణ చేసి, వయసును 21కి, జరిమానాను వెయ్యికి పెంచింది. మన అసెంబ్లీ ఎందుకు చేయకూడదు? మీ ఎమ్మెల్యేను అడగండి, నేనూ అడుగుతున్నాను. అప్పటిదాకా మన చేతిలో జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ ఉంది: పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా జైలు. ఆ బడ్డీలో మీవాడికి సిగరెట్లు కూడా అమ్మి ఉంటే, ఫిర్యాదులో ఈ సెక్షన్ రాయించండి.

డబ్బు సంగతి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఈ రోజే చెప్పండి. మీవాణ్ణి కొట్టకండి, తిట్టకండి. వాడు రాత్రిళ్లు నిద్రపోతున్నాడో లేదో గమనించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలిమానస్‌కు వాడితోనే ఫోన్ చేయించండి, ఉచితం. చినవాల్తేరు మానసిక వైద్యశాలకైతే వాళ్ల నాన్నే పక్కన కూర్చుని తీసుకెళ్లాలి.