ముందు చీటీ కట్టించండి, గొలుసు తర్వాత కొనొచ్చు

ప్రశ్న: మాది వనస్థలిపురం. మా తమ్ముడు, మరదలు, ఇద్దరు చిన్నపిల్లలు బోడుప్పల్‌లో అద్దెకుంటున్నారు. సంక్రాంతికి సూర్యాపేట దగ్గరున్న మా ఊరికి వెళ్లి వచ్చేసరికి తాళం పగలగొట్టి బీరువా ఊడ్చేశారు. తొమ్మిది తులాల బంగారం, రెండు లక్షల నగదు పోయాయి. మరదలి ఒంటి మీదున్న పుస్తెలతాడే మిగిలింది. ఆ నగదు తమ్ముడు చీటీ పాడి తెచ్చుకున్నది. రిజిస్టర్డ్ కంపెనీలో 5 లక్షల చీటీ, ఇంకా 14 నెలలు కట్టాలి. పోలీసు కేసు పెట్టారు. నా పేరున ఉన్న లక్షన్నర ఎఫ్‌డీ తీసి మరదలికి గొలుసు కొనిద్దామనుకున్నాను. బంధువులతో వాట్సాప్ గ్రూప్ పెట్టి తలా కొంత వేయమన్నాను. అది తెలిసి తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. మా ఆయన ‘ఇస్తే అప్పుగా ఇవ్వు’ అంటున్నారు. అమ్మేమో నగలు ఇంట్లో పెట్టి ఊరికి ఎలా వచ్చిందని మరదల్నే తిడుతోంది. ఏం చేయాలి?

సమాధానం: మీ ఆలోచన ప్రేమతో వచ్చిందేనమ్మా, కానీ గొలుసు ఇప్పుడు వద్దు. తులం లక్ష దాటిన రోజులివి. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ పోగా మీ లక్షన్నరకు సన్న గొలుసు వస్తుంది. నాలుగు నెలలు తిరక్కుండానే అది తాకట్టుకు వెళ్లినా ఆశ్చర్యం లేదు. ఎందుకంటే ఆ ఇంటికి అసలు గండం చీటీతో ఉంది.

చీటీ పాడిన డబ్బు దొంగలు పట్టుకుపోయారు, వాయిదాలు మాత్రం మిగిలాయి. పాడినవాళ్లు ఆగిపోతే మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టమని నోటీసు ఇచ్చే హక్కు చిట్‌ఫండ్ చట్టం కంపెనీకి ఇస్తుంది. అంతటితో ఆగదు, జమానతు సంతకం పెట్టినవాళ్ల మీదకూ వస్తుంది. ఆ సంతకాలు మామూలుగా ఆఫీసులో పక్క సీటు వాళ్లవే అయి ఉంటాయి. మీ తమ్ముడికి రాత్రిళ్లు నిద్ర పడుతోందో లేదో గానీ, పడకపోతే కారణం హారం కాదు, ఇదే.

కాబట్టి ఆ లక్షన్నరను చీటీకి మళ్లించండి. డివిడెండు, అంటే పాటలో తగ్గిన సొమ్ములో అతని వాటా, పోను వాయిదా ఎంత పడుతుందో తమ్ముణ్ని అడిగి తెలుసుకోండి. అందులో నెలకు పదివేలు మీరు కట్టినా 14 నెలలకు 1,40,000 అవుతుంది. ఎఫ్‌డీ గడువుకు ముందే తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, దానికి బాధపడకండి. ఒక్కసారిగా మొత్తం అతని చేతికి ఇవ్వొద్దు. వేరే ఖాతాలో వేసి ప్రతి నెలా పంపండి. చేతిలో పెద్ద మొత్తం కనబడితే ఇప్పుడున్న బాధలో ముందు బంగారమే కొంటారు. చాలా ఇళ్లలో జరిగేది అదే.

మీవారి మాట తీసిపారేసేది కాదు. అప్పో సాయమో మీరిద్దరూ ముందే తేల్చుకోండి, ఆయనకు చెప్పకుండా రూపాయి కూడా పంపకండి. అప్పయితే కాగితం మీద రాసుకుని, చీటీ అయిపోయిన నెల నుంచి తిరిగి కట్టేలా పెట్టండి. సాయమైతే మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తకూడదు, ఏ పండక్కీ ఎత్తకూడదు. ఇస్తున్నప్పుడు సాయమని, రెండేళ్లకు అప్పని మాట మారిన ఇళ్లలో అక్కాతమ్ముళ్లు పెళ్లిళ్లకు కూడా వెళ్లడం మానేశారు.

ఆ వాట్సాప్ గ్రూప్ ఈ రోజే మూసేయండి. పెళ్లిలో చదివింపులు రాసినట్టు ఎవరెంత ఇచ్చారో అందరి ముందూ లెక్క పెడితే, ఉద్యోగం చేసుకుంటున్న మగపిల్లాడు తలెత్తుకోలేడు. వేసినవాళ్ల డబ్బు వాళ్లకు తిప్పి పంపండి. నిజంగా ఇవ్వాలనుకునే పెదనాన్నో బాబాయో నేరుగా పిల్లల స్కూలు ఫీజు ఒక టర్ము కట్టేస్తే చాలు. తమ్ముడికి మాత్రం ఫోన్ చేయకుండా ఇంటికి వెళ్లండి. ‘నిన్ను అడక్కుండా గ్రూప్ పెట్టడం తప్పేరా’ అని చెప్పి, చీటీ సంగతి మాట్లాడండి. క్రెడిట్ కార్డు మీద నగదు తీశాడేమో, లోన్ యాప్‌ల జోలికి వెళ్లాడేమో మెల్లగా కదపండి. కార్డు మీద తీసిన నగదుకు మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. యాప్‌వాళ్ల వేధింపుల గురించి ఈ ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పిల్లలు రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నా, అతను మరీ ముభావంగా ఉన్నా 14416కు ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ ఉచిత నంబరు, తెలుగులోనే మాట్లాడతారు.

కేసు పెట్టారు సరే, ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చిందా? ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు అది ఉచితంగా ఇవ్వాలి. ఆ రోజు కంగారులో రాయించని వస్తువులు తర్వాత గుర్తొస్తే స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వకంగా చేర్పించండి. దొంగలు దొరికాక నగలు కోర్టు ఉత్తర్వు మీద విడిపిస్తారు, అప్పుడు ఇవి తమవేనని చూపించుకోవాలి. బిల్లులు పోయి ఉంటే కొన్న షాపులో పాత రికార్డు అడగండి. పెళ్లి ఆల్బమ్, శ్రీమంతం ఫొటోలు వెతికి ఏ ఫొటోలో ఏ నగ ఉందో రాసి పెట్టుకోమనండి. బీరువాలో చెక్కుబుక్కు కూడా ఉంటే ఆ చెక్కులు బ్యాంకులో ఆపించాలి. ఇంటి ఇన్సూరెన్స్ ఏదైనా ఉందేమో చూడమనండి. కానీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. మామూలు భారత్ గృహ రక్ష పాలసీ ప్రధానంగా అగ్నిప్రమాదాలు, వరదల్లాంటి వాటికి, దొంగతనానికి విడిగా కవర్ తీసుకుని ఉండాలి.

ఇక అమ్మ. పెళ్లిలో ఆ అమ్మాయికి పెట్టిన నగలు ఆమె సొంతం, స్త్రీధనం. పోయింది ఆమెది, తిట్లూ ఆమెకేనా? అమ్మను ఆపగలిగేది మీరే, కొడుకు చెబితే పెళ్లాం వైపు మాట్లాడాడంటుంది. లాకర్ గురించి కూడా ఇప్పుడు ఉపన్యాసం వద్దు. తర్వాత చిన్న లాకర్ ఒకటి తీసుకోవచ్చు. బ్యాంకులో దొంగతనం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకేనని తెలుసుకునే తీసుకోవాలి.

నెలల తర్వాత నగలు దొరికితే అవి నేరుగా మీ మరదలి చేతికే వెళ్లాలి. అందులోంచి మనం ఇచ్చినది జమ చేసుకుందామని అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. మీవారితో ఇప్పుడు తేల్చుకునేటప్పుడే ఆ మాట కూడా తేల్చేసుకోండి.