పాత టేపును బాగుచేయబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన రెండు నిమిషాల వీడియో ముక్కా అందాయి. మరెక్కడా ప్రతి లేదనుకుంటున్న ఒక పాత టెలివిజన్ నాటకం వీహెచ్ఎస్ క్యాసెట్‌లో దొరికిందనీ, బొమ్మ మీద తెల్లటి గీతలు పరుగెడుతున్నాయనీ, పైభాగం గాలికి జెండా ఊగినట్టు వంగిపోతోందనీ రాసి, వీటిని తుడిచేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పమన్నావు. సాఫ్ట్‌వేర్ మాట చివరలో చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో దాని వంతు చివరిదీ, చిన్నదీ. టేపులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా బయటికి రాబట్టడంలోనే ముప్పాతిక పని ఉంది. అక్కడ జారవిడిచినదాన్ని తరువాత ఏ ప్రోగ్రామూ తెచ్చి ఇవ్వలేదు.

నువ్వు పంపిన ముక్కలోనే దీనికి సాక్ష్యం ఉంది. తెల్ల చొక్కా తొడుక్కున్న ముసలాయన కిటికీ పక్కకు వచ్చి నిలబడగానే చొక్కా మడతలు మాయమై, సున్నం కొట్టిన గోడలా ఒకే తెలుపు మిగిలింది. ఆ మడతలు టేపు మీద ఉండే అవకాశమే ఎక్కువ. నువ్వు వాడిన చిన్న యూఎస్‌బీ పరికరం వెలుగు హద్దు దాటిన చోటల్లా సిగ్నల్‌ను కోసేసి ఉంటుంది. కాబట్టి ఆ ఫైలును బాగుచేయడం కన్నా టేపును మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కించడమే దారి.

అయితే ఇప్పుడే క్యాసెట్‌ను మళ్లీ వీసీఆర్‌లో పెట్టకు. వేసిన ప్రతిసారీ టేపు కొంత అరుగుతుంది. ఇంటికి వచ్చినవాళ్లకల్లా వేసి చూపించడం ఈరోజుతో మానెయ్యి. పగటి వెలుతురులో క్యాసెట్ కిటికీ గుండా చుట్ట అంచును చూడు. నున్నగా, నల్లగా మెరుస్తుంటే మంచిదే. తెల్లటి పొడి గానీ, సాలెగూడు లాంటి పొర గానీ కనిపిస్తే అది బూజు. బూజు పట్టిన టేపును వీసీఆర్‌లో పెడితే టేపును చదివే హెడ్లు మూసుకుపోవడమే కాదు, తరువాత పెట్టే టేపులకూ అది అంటుకుంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఊదితే నీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. అలాంటిదాన్ని విడిగా ఒక సంచిలో కట్టి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు అప్పగించు. పెట్టె మాత్రమే పగిలి ఉంటే భయపడనక్కరలేదు: అడుగున ఉండే ఐదు స్క్రూలు విప్పి, లోపలి అమరికను ముందుగా ఫొటో తీసుకుని, రెండు చుట్టలనూ మంచి పెట్టెలోకి మార్చవచ్చు. టేపు కీచుమంటూ నడిచి ఆగిపోతుంటే మాత్రం వెంటనే ఆపెయ్యి. టేపు మీది అయస్కాంత పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చుకున్నప్పుడు అలా జరుగుతుంది; పాత యూమాటిక్ (స్టూడియోల్లో వాడిన పెద్ద క్యాసెట్లు), రీలు టేపుల్లో ఇది ఎక్కువ. ప్రయోగశాలల్లో సుమారు 50 డిగ్రీల దగ్గర గంటల తరబడి అదుపులో వేడిచేసి దాన్ని తాత్కాలికంగా నడిచేలా చేస్తారు. వంటింటి ఓవెన్‌లో ఆ ప్రయత్నం వద్దు.

టేపు ఆరోగ్యంగా ఉందని తేలాక, ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటిదాకా వెనక్కు చుట్టు. ఏళ్ల తరబడి కదలని చుట్ట బిగువు అప్పుడు సమానమవుతుంది. తరువాత వీసీఆర్ సంగతి. మన దేశంలో వాడిన పీఏఎల్ అనే టీవీ పద్ధతిలోని వీహెచ్ఎస్‌లో ఒక్కో ఫీల్డూ (గీత విడిచి గీతగా ఉండే సగం బొమ్మ) టేపు మీద ఏటవాలుగా 49 మైక్రాన్ల వెడల్పున్న ఒక గీతగా ఉంటుంది. మన వెంట్రుక సాధారణంగా అంతకన్నా లావు. రికార్డు చేసిన యంత్రంలో హెడ్ల దారి కాస్త వంకరగా ఉంటే గీతలూ ఆ వంకరతోనే పడతాయి, ఆ వంకరకు దగ్గరగా ఉన్న యంత్రమే వాటిని శుభ్రంగా చదువుతుంది. అందుకే ఖరీదైన వీసీఆర్‌లో చెడుగా కనిపించిన టేపు ఒక్కోసారి మామూలు వీసీఆర్‌లో చక్కగా నడుస్తుంది. రెండు మూడు యంత్రాలలో ఒక్కొక్క నిమిషం పరీక్షించి, ట్రాకింగ్‌ను (హెడ్లు ఆ గీతల మీదుగా సరిగ్గా వెళ్లేలా చేసే అమరికను) చేత్తో సర్ది, ఏది మేలో చూసుకో. ఆ క్యాసెట్ ఇచ్చినవారి ఇంట్లో నాటి వీసీఆర్ ఇంకా ఉందేమో అడుగు. ఈ ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు గానీ, నాకు రెండుసార్లు అదే పని గట్టెక్కించింది.

పైభాగం వంగడం గురించి కొంచెం వివరంగా రాయాలి. పీఏఎల్ బొమ్మలో ఒక్కో అడ్డగీతకు 64 మైక్రోసెకన్ల సమయం ఉంటుంది. టేపు సాగినా, బిగువు మారినా గీతలు కొన్ని ముందుగా, కొన్ని ఆలస్యంగా వస్తాయి. ఒక హెడ్డు నుంచి ఇంకో హెడ్డుకు మారిన వెంటనే ఈ తేడా ఎక్కువ కాబట్టి పైభాగం ఊగుతుంది. దాన్ని కంప్యూటర్లో సరిచేయాలని రాత్రులు వృథా చేసుకోకు. గీతలను వరుసలో నిలబెట్టే టైమ్ బేస్ కరెక్టర్ సిగ్నల్ దారిలోనే ఉండాలి. అది ఉన్న వీసీఆర్ దొరక్కపోతే, పానాసోనిక్ ఈఎస్10, ఈఎస్15 వంటి పాత డీవీడీ రికార్డర్ల గుండా సిగ్నల్‌ను పోనిచ్చినా ఈ ఊపు చాలావరకు అణుగుతుంది. వీసీఆర్‌కు ఎస్-వీడియో సాకెట్ ఉంటే అదే వాడు, వెలుగూ రంగూ విడివిడిగా వస్తాయి. వెలుగు మట్టాలను ఆ ముసలాయన చొక్కా మీదే సరిచూసుకో, మడతలు కనిపించేదాకా తగ్గించు.

ఫైలును హఫ్‌వైయూవీ గానీ ఎఫ్ఎఫ్‌వీ1 గానీ (వీడియోను కుదించే పద్ధతులు) వాడి, ఏమీ నష్టం లేకుండా భద్రపరచు. గంట నిడివికి సుమారు 30 గిగాబైట్లు పట్టవచ్చు. సెకనుకు వచ్చే 50 ఫీల్డులూ ఉన్నవి ఉన్నట్టే ఉండనివ్వు. అడుగున కనిపించే చిందరవందర గీతలను కోయకు. నాటకానికి ముందూ వెనకా ఉన్న ప్రకటనలనూ కోయకు. వాటిని తీసేశానని రాశావు. తేదీ రాయని క్యాసెట్‌కు వయసు చెప్పగలిగేవి ఒక్కోసారి అవే. వీసీఆర్ లోపలి హెడ్ల సిగ్నల్‌నే నేరుగా పట్టి, మిగిలినదంతా కంప్యూటర్‌తో చేయించే వీహెచ్ఎస్-డీకోడ్ అనే పద్ధతి కూడా ఉంది. ఫలితం గొప్పగా ఉంటుంది గానీ, వీసీఆర్ విప్పి తీగలు అతికించడం చేతనైతేనే దాని జోలికి వెళ్లు.

ఇలా మూడుసార్లు తీసుకో. మూడింటినీ ఒకే ఫ్రేము దగ్గర కలిపి, బొమ్మలోని ప్రతి బిందువుకూ (పిక్సెల్‌కూ) మూడింటిలో మధ్య విలువను ఎంచుకుంటే, ఒకసారి కనిపించి ఇంకోసారి కనిపించని తెల్లగీతలు, చుక్కలు వాటంతట అవే పోతాయి. పూతే రాలిపోయిన చోట మూడింటిలోనూ మచ్చ ఉంటుంది, దానికి పక్క ఫీల్డు నుంచి అతుకు వేయాలి. అదే ప్రసారం వేరే క్యాసెట్‌లో దొరికితే, అది ఎంత నాసిరకమైనా పారేయకు. 1971లో వచ్చిన 'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ టీవీ ధారావాహికలోని ఒక కథలో నాలుగు భాగాలు బీబీసీ దగ్గర నలుపు తెలుపు ఫిల్ముగానే మిగిలితే, 1990ల తొలినాళ్లలో ఆ ఫిల్ము స్పష్టతకు అమెరికాలో ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్న బీటామాక్స్ (వీహెచ్ఎస్ లాంటి మరో రకం క్యాసెట్) టేపు రంగులు జోడించి వాటిని రంగుల్లోకి తెచ్చారు. రంగు కాస్త అలుక్కుపోయినా, వెలుగునీడలు పదునుగా ఉంటే మన కన్ను పెద్దగా పట్టించుకోదు.

ఇక నువ్వు అడిగిన సాఫ్ట్‌వేర్. వీడియోను సవరించే ఏవీసింత్ ప్రోగ్రామూ, అందులో ఫీల్డులను ఫ్రేములుగా మార్చే క్యూటీజీఎంసీ అనే స్క్రిప్టూ చాలు. ప్రతి ఫీల్డునూ ఒక ఫ్రేముగా మార్చి సెకనుకు 50 ఉంచు; 25కు దించితే నటుల కదలికలోని సహజత్వం పోయి అది సినిమాలా కనిపిస్తుంది. ప్రతికి ప్రతి తీసిన టేపుల్లో రంగు కిందికి జారి ఉంటుంది, పెదవుల ఎరుపు గడ్డం మీద కనిపిస్తే అదే గుర్తు. దాన్ని కొన్ని గీతలు పైకి జరుపు. ధ్వనిలో 15,625 హెర్ట్జ్ దగ్గర సన్నటి ఈల వినిపిస్తే ఆ ఒక్క చోటే కోయి.

చుక్కలు తొలగించే ఫిల్టర్ దగ్గర మాత్రం చెయ్యి అదుపులో పెట్టుకో. ఒక వయొలిన్ కచేరీ టేపును నేను అద్దంలా మెరిసేలా శుభ్రం చేసి, మూలఫైలును చెరిపేసి, క్యాసెట్‌ను ఇచ్చినవారికి పంపేశాను. కొన్నాళ్లకు తీరిగ్గా చూస్తే, విద్వాంసుడి వేళ్లు తంతి మీద వణకడమే లేదు. ఆ సన్నని వణుకును ఫిల్టర్ చుక్కలతో పాటే తుడిచేసింది. క్యాసెట్ కోసం మళ్లీ అడిగితే అది అప్పటికే తడిసి పాడైపోయింది. ముఖాలను పదును పెడతామనే కృత్రిమ మేధ ప్రోగ్రాములు ఇంకో అడుగు ముందుకు వేసి, టేపులో లేని కళ్లు, పళ్లు గీసి పెడతాయి. ఆ నటి ముఖం అలాగే ఉండేదని రేపు చూసేవాళ్లు నమ్ముతారు. నాకది బాగుచేయడం అనిపించదు.

ముందుగా మొదటి రెండు నిమిషాలు తీసి, ఏ ఫిల్టరూ వేయకుండా నాకు పంపు. ఆ చొక్కా మడతలు కనిపిస్తే మిగతా టేపు ఎక్కించు.