గేట్ కోచింగ్‌కు ముందు బకెట్ పరీక్ష

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అమ్మాయి బీటెక్ మెకానికల్ ఫైనలియర్. టర్బులెన్స్ మీద ప్రయోగాలు చేసే రీసెర్చ్‌లో చేరతానంటోంది. సాఫ్ట్‌వేర్ కాదని అటు పంపొచ్చా?

జవాబు: పంపొచ్చు. మార్కులు చూసి కాదు, ఓపిక చూసి. సాగర్ గేట్లెత్తితే కింద సుళ్లు తిరిగే తెల్లటి నీళ్లే టర్బులెన్స్. చూడ్డానికి ముచ్చటే, కొలవబోతే చుక్కలు చూపిస్తుంది.

ముందు ఇంట్లో ఒకటి చేయమనండి. బకెట్‌కు అడుగున పక్కగా రంధ్రం చేసి, 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న పారదర్శకమైన పైపు 2 మీటర్లు అడ్డంగా బిగించాలి. వంకర పోకుండా చెక్కకు కట్టాలి. కొళాయి పైపు చివరనే ఉండాలి, మొదట్లో పెడితే అదే నీటిని కదిలించేస్తుంది. సెలైన్ సెట్ సూదితో పైపు మూతి మధ్యలోకి ఇంకు వదలాలి. నీళ్లు పోశాక గంటసేపు బకెట్‌ను ముట్టుకోకూడదు. 30 డిగ్రీల నీళ్లయితే, లీటరు సీసా 100 సెకన్లకు నిండేలా వదిలినప్పుడు రంగు దారంలా సాగుతుంది. 70 సెకన్ల దగ్గర రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నిలకడగా సాగుతుందా, సుళ్లు తిరుగుతుందా చెప్పే అంకె) 2300; దారం అటూఇటుగా ఇక్కడే వణకడం మొదలుపెడుతుంది. 45 సెకన్లకు వచ్చేసరికి రంగు పైపంతా కలిసిపోతుంది. 1883లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ చూపించింది ఇదే. లెక్క కుదరదు, మొదటిసారి ఎవరికీ కుదరదు. బకెట్‌లో మట్టం తగ్గిందా, పక్కన మోటారు అదురు తగిలిందా అని వెతుకుతుందా, విసుక్కుని లేస్తుందా? మీరు చూడాల్సింది అదే.

ల్యాబ్‌లోనూ ఇదే పని, ఖరీదే ఎక్కువ. గాలి వేగం కొలిచే హాట్‌వైర్ అంటే కరెంటుతో వేడిచేసే 5 మైక్రాన్ల టంగ్‌స్టన్ తీగ. వేలు తగిలితే తెగుతుంది. గాలి వేడి ఒక్క డిగ్రీ మారినా వేగం సుమారు 2 శాతం తప్పుతుంది. పొద్దున క్యాలిబ్రేట్ చేసి (తెలిసిన వేగంతో రీడింగ్ సరిచూసుకుని) మధ్యాహ్నం కొలిచిన డేటా, మన ఎండలకైతే, సరిదిద్దకుండా పనికిరాదు.

గేట్‌లో మెకానికల్ రాయొచ్చు, లేదా ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ తీసుకోవచ్చు. మామూలు ఎంటెక్‌లో ప్రయోగానికి సమయం చాలదు. ఐఐఎస్‌సీ ఎంటెక్ రీసెర్చ్, ఐఐటీ మద్రాస్ ఎంఎస్ నయం. ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు. అయితే సిగ్నల్ ప్రాసెసింగ్, పైథాన్ చేతికొస్తాయి కాబట్టి వెనక్కి రావాలన్నా దారి ఉంటుంది.

గైడ్‌ను ఒప్పుకునే ముందు ఆ ల్యాబ్ సీనియర్‌ను ఒక్కటే అడగమనండి: ప్రవాహాన్ని కొలిచే లేజర్ ఇప్పుడు పనిచేస్తోందా? రిపేరుకు పోతే నెలలు పడుతుంది, డిగ్రీ కూడా అంతే వెనక్కి పోతుంది.